మ్యాగ్నెట్ పౌడర్ అని చెప్పే మిక్సర్ కొన్నాం, ఇప్పుడు వారంటీ లేదంటున్నారు

ప్రశ్న: చర్లపల్లిలో మాది చిన్న పార్ట్‌నర్‌షిప్ యూనిట్ సార్, ఇద్దరు పార్ట్‌నర్లం, ఏడుగురు వర్కర్లు. ఫ్రిజ్ డోర్ మ్యాగ్నెట్ పట్టీలు చేసేవాళ్ళకి ఫెర్రైట్ పౌడర్, ప్లాస్టిక్ పౌడర్ కలిపి ఇస్తాం, మధ్యమధ్యలో ఐరన్ పౌడర్ జాబ్ వర్క్ కూడా వస్తుంది. గుజరాత్ కంపెనీ దగ్గర 300 లీటర్ల రిబ్బన్ బ్లెండర్ (లోపల మెలితిరిగిన రిబ్బన్ లాంటి పట్టీ తిరుగుతూ పొడులు కలిపే మిషన్) కొన్నాం, 8 లక్షల 60 వేలు, జీఎస్టీ వేరే. వాట్సాప్‌లో "మ్యాగ్నెట్ పౌడర్ కలపాలి, ఏది పనికొస్తుంది" అని అడిగితే ఈ మోడల్ వాళ్ళే చెప్పారు. వచ్చిన దగ్గర్నుంచీ కింద అవుట్‌లెట్‌లో వాళ్ళు పెట్టిన మ్యాగ్నెట్ గ్రిల్‌కి సరుకంతా పట్టేసి జామ్ అవుతోంది. ఐరన్ వేస్తే మోటార్ ట్రిప్ అవుతోంది. మూత తెరిచినా సెన్సర్ మూసినట్టే చూపిస్తోంది. రిబ్బన్‌కి మ్యాగ్నెట్ పెడితే అంటుకుంటోంది, అది ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్ రకం) కూడా కాదేమో అని మా డౌట్. అయిదు నెలల్నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాం. ఇప్పుడేమో మాన్యువల్ చివరి పేజీలో మ్యాగ్నెటిక్ మెటీరియల్‌కి వారంటీ లేదని రాసుంది చూసుకోండి అంటున్నారు. 10 శాతం బ్యాలెన్స్ ఆపాం, దానికి ఎంఎస్ఎంఈ కౌన్సిల్‌లో (చిన్న పరిశ్రమలకి రావాల్సిన బాకీలు తేల్చే చోటు) కేసు వేస్తామంటున్నారు. కన్స్యూమర్ కోర్టుకి వెళ్ళొచ్చా, మిషన్ తిరిగిచ్చేసి డబ్బు తీసుకోవచ్చా?

జవాబు: అందరూ ముందు అడిగేది కన్స్యూమర్ కోర్టే కాబట్టి అది తేల్చేద్దాం. మీకు అది కష్టమండీ. 2019 చట్టంలో కమర్షియల్ పర్పస్‌కి కొన్నవాళ్ళు కన్స్యూమర్ కిందికి రారు, సొంతంగా తన చేత్తో నడుపుకుని పొట్టపోసుకునేవాడికి మాత్రం మినహాయింపు ఉంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే, అదీ మిషన్ కొన్న కేసే, సీఎన్‌సీ మిషన్. లేత్ కొనుక్కుని తనే నడుపుకునేవాడు కన్స్యూమర్, లాభం కోసం పెద్ద ఎత్తున నడిపేవాడు కాడు అని. ఏడుగురు వర్కర్లు, పార్ట్‌నర్‌షిప్, జీఎస్టీ బిల్లులు పెట్టుకుని మేం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ అంటే వాదించొచ్చు గానీ ఏళ్ళు గడిచాక "ఇది మా దగ్గరికి రాదు, వేరే కోర్టుకి పొండి" అంటే మళ్ళీ మొదటికొస్తుంది. నేనైతే వద్దంటాను.

మీ బలం వేరే చోట ఉంది, 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ సెక్షన్ 16లో. కొనేవాడు ఫలానా పనికి కావాలని అమ్మేవాడికి తెలియజేసి, అతని అనుభవం మీద ఆధారపడి కొంటే, ఆ సరుకు అమ్మడం అతని వ్యాపారమే అయితే, ఆ పనికి అది పనికొస్తుందనే షరతు కాగితం మీద రాయకపోయినా ఒప్పందంలో ఉన్నట్టే లెక్క. అందుకే ఈ మొత్తం గొడవలో మీ ఆస్తి ఆ వాట్సాప్ మెసేజ్, వారంటీ కార్డు కాదు. వారంటీ అనేది వాళ్ళు ఇచ్చేది, సెక్షన్ 16 చట్టం ఇచ్చేది, ఒకటి పోయినంత మాత్రాన రెండోది పోదు.

దీనికి వాళ్ళ లాయర్ ఏమంటాడో ఇప్పుడే చెప్తా. మీ పీఓలో, అంటే పర్చేజ్ ఆర్డర్‌లో, మోడల్ నంబర్ ఒక్కటే ఉంటుంది కదా, అదే సెక్షన్‌లో పేటెంట్ పేరుతోనో ట్రేడ్ పేరుతోనో అడిగి కొంటే ఈ షరతు వర్తించదని ఓ మినహాయింపు ఉంది, దాన్ని పట్టుకుంటాడు. కానీ పేరు రాసినంత మాత్రాన సరిపోదు, ఆ పేరు మీరే ఎంచుకున్నారా, వాళ్ళు చెప్తే రాశారా అన్నది చూస్తారు. మన చట్టం ఇంగ్లీషువాళ్ళ 1893 చట్టం నుంచి వచ్చిందే, వాళ్ళ దగ్గర 1925లో బాల్డ్రీ అనే ఆయన హాయిగా టూర్లు తిరగడానికి కారు కావాలంటే డీలర్ బుగాటీ అంటగట్టాడు, ఆర్డర్‌లో బుగాటీ అని పేరున్నా కొన్నాయనే గెలిచాడు. మీ చాట్‌లో మీ ప్రశ్న ముందు, వాళ్ళు చెప్పిన మోడల్ తర్వాత, పీఓ ఆ తర్వాత ఉంటే మీదీ అదే వరస.

ఇక మాన్యువల్ చివరి పేజీ సంగతి. చట్టం ఇచ్చే షరతుని పార్టీలు ఒప్పుకుని తీసేసుకోవచ్చు, సెక్షన్ 62 ఆ వీలు ఇస్తుంది, కానీ ఒప్పుకోవాలి. ఒప్పందం ఎప్పుడు కుదిరింది? కొటేషన్‌కి మీరు పీఓ పంపి వాళ్ళు అడ్వాన్స్ తీసుకున్నప్పుడు. మాన్యువల్ ఎప్పుడు వచ్చింది? మిషన్‌తో పాటు చెక్కపెట్టెలో. ఒప్పందం అయిపోయాక వచ్చిన కాగితంలో కొత్త షరతు పెడితే అది మిమ్మల్ని కట్టెయ్యదు. అయితే కొటేషన్ వెనకాల చిన్న అక్షరాల్లో ఇదే ముక్క ఉందేమో ఒకసారి చూడండి, ఉంటే కథ మారిపోతుంది. అదే పేజీలో "సబ్జెక్ట్ టు అహ్మదాబాద్ జ్యూరిస్డిక్షన్" లాంటిది కూడా చూడండి, ఒప్పందంలో భాగంగా అది ఉండి అక్కడ కేసు వేసే వీలు చట్టప్రకారం ఉంటే మీరు అక్కడికే పోవాల్సొస్తుంది, "ఓన్లీ" అన్న మాట లేకపోయినా సరే, 2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసులో అలాగే తేల్చారు.

ఇప్పుడు కాస్త మిషన్ గురించే మాట్లాడుకోవాలి, ఎందుకంటే నోటీసులో ఒక్క తప్పు పాయింట్ రాసినా మిగతా పాయింట్ల పరువు పోతుంది. రిబ్బన్‌కి మ్యాగ్నెట్ అంటుకుంటోంది కాబట్టి 304 కాదు అని మాత్రం రాయకండి. 304 రేకు మామూలుగా అంటుకోదు గానీ వంచిన చోట, వెల్డింగ్ వేసిన చోట కొంచెం అంటుకుంటుంది, రిబ్బన్ అంటేనే వంచి వెల్డ్ చేసింది. డౌట్ ఉంటే ల్యాబ్ వాళ్ళతో మెటీరియల్ టెస్ట్ చేయించి రిపోర్ట్ వచ్చాక రాయండి. మోటార్ ట్రిప్ అవ్వడం కూడా మ్యాగ్నెట్ గోల కాకపోవచ్చు. మసాలా పొడి లాంటివి లీటరుకి అర కిలో చుట్టుపక్కల తూగుతాయి, ఐరన్ పౌడర్ లీటరుకి రెండున్నర, మూడు కిలోలు కూడా ఉంటుంది, అంటే అదే 200 లీటర్లు నింపితే 100 కిలోల చోట 500 కిలోల పైన పడుతుంది, అలాంటప్పుడు ఏ మోటారైనా చేతులెత్తేస్తుంది. కాబట్టి అసలు ప్రశ్న, కొనేముందు వాళ్ళ ఎంక్వైరీ ఫారంలో బల్క్ డెన్సిటీ (పొడి లీటరుకి ఎన్ని కిలోలు తూగుతుంది) గడిలో మీరేం రాశారు? ఖాళీ వదిలేశారా? ఐరన్ జాబ్ వర్క్ సంగతి చెప్పారా, ఫెర్రైట్ ఒక్కటే చెప్పారా? చెప్పకపోతే ట్రిప్ అవుతోందన్న ఫిర్యాదు పక్కన పెట్టేయండి.

గ్రిల్ మాత్రం మీకు బంగారం లాంటి పాయింట్. తిండి పదార్థాల లైన్లలో పొరపాటున పడ్డ ఇనుప ముక్కలు పట్టడానికి పెట్టే గ్రిల్ అది, మ్యాగ్నెట్ పౌడర్ అని తెలిసీ దాని కిందే ఆ గ్రిల్ బిగించి పంపారంటే మెటీరియల్ గురించి ఎవరూ ఆలోచించలేదని మిషనే సాక్ష్యం చెప్తుంది. జామ్ అయినప్పుడు ఫోటోలు, వీడియో తీసి పెట్టుకోండి, తీసిన రోజు తెలిసేలా. తర్వాత గ్రిల్ తీసేయండి, తీస్తున్నామని, మా హక్కులేవీ వదులుకోవట్లేదని ముందు మెయిల్ పెట్టి మరీ తీయండి. ఎందుకంటే నష్టం తగ్గించుకోవడానికి మీ చేతిలో ఉన్నది మీరు చేశారా అని కోర్టు కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 73 కింద అడుగుతుంది, నాలుగు బోల్టులు విప్పితే పోయేదానికి అయిదు నెలల నష్టం కావాలంటే ఇవ్వరు.

మిషన్ తిరిగిచ్చెయ్యడం అన్నది ఇప్పుడు చాలా కష్టం. అయిదు నెలలు వాడారు, వద్దని రాతపూర్వకంగా చెప్పలేదు, సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ సెక్షన్ 42 ప్రకారం మీరు తీసుకున్నట్టే అవుతుంది, అలా తీసుకున్నాక సెక్షన్ 13 కింద దాన్ని వెనక్కి పంపే హక్కు పోయి నష్టపరిహారం అడిగే హక్కు మిగులుతుంది. ఫోన్లు చేశాం అంటారు, ఫోన్లకి రుజువేది? ఇంజనీర్ వచ్చి చూసిన సర్వీస్ రిపోర్టులు, "చూస్తాం సార్, పార్ట్ పంపుతాం" అన్న మెసేజ్‌లు గానీ ఉంటే వాళ్ళు బాగుచేస్తామంటేనే మేం ఆగాం అని వాదించే చోటుంది. లేదంటే అదే చట్టంలో సెక్షన్ 59 మీ దారి, అంటే ఇవ్వాల్సిన ధరలో నష్టాన్ని తగ్గించుకోవడం, అది చాలకపోతే పైదానికి దావా. మార్పులకైన ఖర్చు, పాడైన బ్యాచ్‌లు, బయట మిక్సింగ్ చేయించిన బిల్లులు వస్తాయి. బ్యాంక్ ఈఎంఐ, పోయిన కస్టమర్ వల్ల రాబోయే ఏళ్ళ లాభం లాంటివి లెక్కలో చూపించకండి, వాటి కోసం గట్టిగా పట్టుపడితే మిగతాదీ అనుమానంగా చూస్తారు.

ఆ 10 శాతం దగ్గర జాగ్రత్త. వాళ్ళు మైక్రో లేదా స్మాల్ కిందికి వస్తే 2006 ఎంఎస్ఎంఈడీ చట్టంలో ఆలస్యానికి ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. డెలివరీ అయిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి ఉంటే వాళ్ళు దాన్ని తీర్చేదాకా మీరు డబ్బు కట్టాల్సిన గడువు లెక్క మొదలవ్వదు, కాబట్టి ఆ మొదటి రెండు వారాల మెయిళ్ళు, చాట్‌లు ఇవాళే తవ్వండి. కౌన్సిల్ నుంచి నోటీస్ వస్తే మనకెందుకులే అని వదిలేయొద్దు, అవార్డు, అంటే అక్కడి తీర్పు, వచ్చాక దాన్ని సవాల్ చెయ్యాలంటే ముందు అందులో 75 శాతం డిపాజిట్ కట్టాలి. ఆర్బిట్రేషన్ (తీర్పు చెప్పే మధ్యవర్తిత్వం) దాకా వస్తే అక్కడే మీ నష్టాన్ని కౌంటర్ క్లెయిమ్‌గా వేయొచ్చు, 2021లో సిల్పీ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది.

మీరే దావా వేస్తే, విలువ 3 లక్షలు దాటితే కమర్షియల్ కోర్టు, అర్జెంట్ ఆర్డర్ ఏదీ అడగనప్పుడు ముందు లీగల్ సర్వీసెస్ అథారిటీ ద్వారా మీడియేషన్ (రాజీ ప్రయత్నం) తప్పనిసరి, కమర్షియల్ కోర్ట్స్ యాక్ట్ సెక్షన్ 12ఏ. నిజం చెప్పాలంటే ఇలాంటివి తెగేది అక్కడే, పెద్ద మోటార్, వేరే సెన్సర్ వాళ్ళ ఖర్చుతో పెట్టించుకుని బ్యాలెన్స్‌లో కొంత తగ్గించుకుంటే మీకూ మంచిదే. గడువు మొత్తం 3 ఏళ్ళు, తొందర లేదు గానీ సాక్ష్యం పాతబడిపోతుంది. వాట్సాప్ చాట్ ఉన్న ఫోన్ మార్చకండి, స్క్రీన్‌షాట్లతో పని జరగదు, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం ఎక్స్‌పర్ట్ నింపాలి. మిషన్ మీద రిపోర్ట్‌కి మీ మెకానిక్ మాట చాలదు, పౌడర్ మెటలర్జీ (లోహపు పొడుల పని) మీద పనిచేసే పరిశోధనా సంస్థ ఏఆర్‌సీఐ బాలాపూర్‌లోనే ఉంది, టెస్టింగ్ గురించి అక్కడ అడిగి చూడండి.

చివరగా మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన మూత సెన్సర్. ఇనుప పొడి సెన్సర్ మొహానికి పేరుకుంటే అది మూత ఉందనే అనుకుంటుంది, అంటే మూత ఎత్తి లోపల గీకుతున్నవాడి చెయ్యి ఉండగా ఎవరో బటన్ నొక్కితే రిబ్బన్ తిరుగుతుంది. తెలిసీ నడిపారంటే సప్లయర్ మీద కేసు పక్కకి పోయి మీ ఇద్దరు పార్ట్‌నర్ల మీదే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 289 పడుతుంది, మిషన్ విషయంలో నిర్లక్ష్యం, పైగా వర్కర్ నష్టపరిహారం. ఈ రోజే వేరే రకం స్విచ్ పెట్టించండి, గీకేటప్పుడు మెయిన్ ఆపి తాళం వేసి తాళంచెవి గీకేవాడి జేబులోనే ఉంచండి, ఆ స్విచ్ బిల్లు దాచండి, అది కూడా క్లెయిమ్‌లో వేద్దాం.