ముందు చెవి చూడు, అమ్మడూ

అమ్మడూ,

నీకు క్యాజువాలిటీ డ్యూటీ వేశారని మీ అమ్మ చెప్పగానే నాకు గుర్తొచ్చింది ఒక పన్నెండేళ్ల కుర్రాడు. నాలుగు రోజులుగా తలనొప్పి, రెండు వాంతులు, జ్వరం లేదు. మైగ్రేన్ అనుకుని మాత్రలు రాసి పంపేశాను. మూడో రోజు ఫిట్స్‌తో తెచ్చారు, చూస్తే మెదడులో చీముగడ్డ. అప్పుడు చెప్పింది వాళ్ల నాయనమ్మ, ఏళ్ల తరబడి వాడి చెవిలో చీము కారుతోందని, దూది పెట్టి వదిలేశామని. నేను అడిగుంటే మొదటి రోజే చెప్పేది కదా!

తలనొప్పి, జ్వరం, కాలూచెయ్యీ పడిపోవడం కలిసి రావాలని చదివుంటావు. మెదడులో చీముగడ్డ ఉన్నవాళ్లలో ఆ మూడూ కలిసి కనబడేది సుమారు ఐదుగురిలో ఒకరికే, జ్వరమైతే దాదాపు సగం మందికి ఉండదు. అందుకే తలనొప్పి రోజురోజుకూ పెరుగుతూ మనిషి మగతగా ఉంటే, చీముకి మూలం కోసం చెవి, పళ్లు, సైనస్, గుండె వెతుకు. పుట్టుకతో గుండె జబ్బుండి పెదాలు నీలంగా ఉండే పిల్లలు తలనొప్పి అంటే అస్సలు ఊరుకోకు.

మెనింజైటిస్, అంటే మెదడు పొరల ఇన్ఫెక్షన్, ఏమోనని వెన్నులోంచి నీరు తీయబోతావు. గడ్డ అనుమానం ఉంటే స్కాన్ కాకుండా సూది ముట్టుకోకు, లోపలి ఒత్తిడికి మెదడు కిందికి జారితే ప్రాణమే పోతుంది.

నరంలోకి మందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ సీటీ స్కాన్‌లో గడ్డ ఉంగరంలా కనబడుతుంది. కానీ మన దగ్గర ఆ ఉంగరం టీబీ గడ్డ కావచ్చు, బద్దెపురుగు తిత్తి కావచ్చు, ట్యూమర్ కూడా కావచ్చు, కాబట్టి ఎమ్మారైలో డిఫ్యూజన్ అనే రకం బొమ్మలు చూడమను. చీమైతే సాధారణంగా మధ్యలో తెల్లగా మెరుస్తుంది, అదే చోట దాని జోడీ బొమ్మ ఏడీసీలో నల్లగా ఉంటుంది.

బ్లడ్ కల్చర్‌కి (రక్తంలో క్రిముల పరీక్ష) తీశాక యాంటీబయాటిక్స్ మొదలెట్టు: పెద్దవాళ్లకైతే సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు 12 గంటలకోసారి, మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు 8 గంటలకోసారి. పిల్లలకి బరువును బట్టి. తలకి దెబ్బో ఆపరేషనో అయ్యుంటే వాంకోమైసిన్ కలుపు. గడ్డ 2.5 సెంటీమీటర్లు దాటితే చాలావరకు సూదితో చీము లాగాల్సిందే, న్యూరోసర్జన్‌కి అర్ధరాత్రైనా ఫోన్ చెయ్, తిడితే తిట్టనీ. ఆ చీముని టీబీ పరీక్షకీ, గాలి లేకుండా పెరిగే క్రిములకీ కూడా పంపు. గడ్డ చుట్టూ వాపు బాగా ఉంటే తప్ప స్టెరాయిడ్ వద్దు.

అసలు తిప్పలు తర్వాత. పది రోజులకి పేషెంటు లేచి ఇడ్లీ తింటుంటే ఇంటికి పంపేయమంటారు. ఇంజెక్షన్లు మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలని చేరిన రోజే చెప్పు, డబ్బు సంగతి కూడా అప్పుడే మాట్లాడు.

మా కుర్రాడు బతికాడు, తర్వాత ఈఎన్టీ వాళ్లు చెవి ఆపరేషన్ చేశారు. మీ వార్డులో చెవిలోకి చూసే ఓటోస్కోప్ ఉండదు, నాకు తెలుసు. నాది బీరువాలో ఉంది, ఆదివారం వచ్చి పట్టుకెళ్లు, సెల్స్ మాత్రం మార్చుకోవాలి.

మామయ్య