పళ్ళ సెట్టు కింద అంగిలి ఎర్రబడితే ఇమ్యూనిటీ తగ్గినట్టేనా?

అమ్మగారికి పై సెట్టు కింద అంగిలి ఎర్రగా ఉంది, నొప్పి మాత్రం లేదు, ఇమ్యూనిటీకి టానిక్ ఏదైనా కొనాలా అని అడిగారు. టానిక్ డబ్బులు దండగండీ. ఆ ఎరుపు, ఇమ్యూనిటీ పని చేస్తోందనడానికే గుర్తు.

మా అత్తగారికీ ఇలాగే వచ్చింది. సెట్టు తీయించి ఫోన్ టార్చ్ వేసి చూస్తే, దాని అంచు ఎక్కడిదాకా ఉందో సరిగ్గా అక్కడిదాకా గీత గీసినట్టు ఎరుపు. డెంటిస్టు సెట్టు లోపలివైపు గీకితే తెల్లటి జిగురు ఊడొచ్చింది. అదంతా బాక్టీరియా, క్యాండిడా అనే ఫంగస్ కలిసి కట్టుకున్న పొరేనట. సెట్టు చేసే యాక్రిలిక్ అనే ప్లాస్టిక్‌కి కంటికి ఆనని రంధ్రాలుంటాయి కాబట్టి పుక్కిలిస్తే పోదు. పైగా పై సెట్టు అంగిలికి అతుక్కుని ఉంటుంది, లాలాజలం, అందులోని యాంటీబాడీలు అక్కడికి సరిగా చేరవు.

ఇక లోపల జరిగేది ఇదీ. క్యాండిడా దారాల్లా సాగినప్పుడు క్యాండిడాలైసిన్ అనే విషాన్ని వదులుతుంది. దీన్ని బయటపెట్టింది 2016లోనే. అంగిలి పైపొర కణాలు దాన్ని పసిగట్టి సైటోకైన్లు, అంటే మిగతా కణాలను అప్రమత్తం చేసే రసాయనాలు, విడుదల చేస్తాయి. రక్తనాళాలు ఉబ్బుతాయి, మనకు కనిపించే ఎరుపు అదే. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి దొరికిన సూక్ష్మజీవులను మింగేస్తాయి. టి కణాలనే మరో రకం తెల్ల రక్తకణాల్లో కొన్ని ఐఎల్-17 అనే సైటోకైన్ వదిలి ఇంకా న్యూట్రోఫిల్స్‌ను రప్పిస్తాయి. చిక్కల్లా, ఇవన్నీ కండలోకి రాగలవు గానీ ప్లాస్టిక్‌లోకి దూరలేవు. సూక్ష్మజీవుల మకాం ఉన్నది అక్కడే. అందుకే నెలల తరబడి ఆ ఎరుపు తగ్గదు. షుగర్ అదుపులో లేకపోతే న్యూట్రోఫిల్స్ చురుకూ తగ్గుతుంది, అమ్మగారికి ఓసారి టెస్ట్ చేయించండి.

సెట్టు సంగతి చూడకుండా అంగిలికి మందు రాయడమంటే పుట్టను వదిలేసి చీమలను దులపడమే. రాత్రి తీసేయడం అసలు మందు. మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు, మనవల ముందు బోసినోరంటే నామోషీ. జపాన్‌లో 85 ఏళ్ళు దాటిన 524 మందిని గమనించి 2015లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. సెట్టు పెట్టుకునే నిద్రపోయేవారికి న్యుమోనియా ముప్పు రెట్టింపు దాటినట్టు అందులో తేలింది. అది చెప్పాక దారికొచ్చారు.

మెత్తటి బ్రష్షు, మామూలు సబ్బు చాలు. పేస్టుతో తోమితే గీతలు పడతాయి, ఆ గీతల్లో మళ్ళీ పొర చేరుతుంది. వేడినీళ్ళు పోస్తే వంకరపోతుంది. రాత్రంతా చల్లటి నీళ్ళ గిన్నెలో ఉంచండి. మా ఇంట్లో కొన్ని వారాలకు అంగిలి మామూలు రంగుకొచ్చింది. సెట్టు వదులై రాసుకుపోతున్నా ఎరుపు తగ్గదు, అప్పుడు డెంటిస్టు చేత సరిచేయించుకోవాలి, లేదంటే కొత్తది వేయించుకోవాలి. పుండుగానీ తెల్లమచ్చగానీ రెండు వారాలకు మానకపోతే మాత్రం ఇంట్లో కూర్చోకుండా డెంటిస్టుకు చూపించండి.