పోల్ ఎటు వేయాలో గుర్తు రాకముందే తేల్చుకో

బిడ్డా,

నిన్న ఫోన్లో నీ గొంతు వినగానే అర్థమైంది. తెరచాప పడవల పోటీలో గాలికి ఎదురెక్కినంతసేపూ మూడో స్థానంలో ఉండి, గాలివాటున దిగేటప్పుడు ఐదు పడవలు దాటిపోతే ఎవరికైనా కడుపు రగిలిపోతుంది. ముందు తెరచాపను పక్కకు విప్పి పట్టే పోల్ పెట్టడంలో ఆలస్యమైందన్నావు. నువ్వు చెప్పినదంతా విన్నాక, ఆ ఆలస్యం నీళ్ల మీద తేలే మలుపు గుర్తు తిరగకముందే మొదలైందని నాకనిపించింది. ఫోన్లో ఇంత చెప్పడం కుదరదు కాబట్టి రాస్తున్నా.

నేను ఫౌజులో ఉండగా హుస్సేన్ సాగర్ మీద నేర్చుకున్నదీ ఈ ఎంటర్‌ప్రైజ్ పడవ మీదనే. 1956లో జాక్ హోల్ట్ గీసిన పడవ, నీలి తెరచాపలు, పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు. 1982 ఆసియా క్రీడల్లో దీనికి కూడా పోటీ పెట్టారు. దీనికి స్పిన్నేకర్ ఉండదు. వెనకగాలికి బుడగలా ఉబ్బే ఆ మూడో తెరచాప లేదు కాబట్టి ఉన్న రెండింటినే రెక్కల్లా చెరో పక్కకు విప్పాలి. ముందుండే చిన్న తెరచాప జిబ్‌ను అవతలి పక్కకు నెట్టి పట్టుకునే కర్రే విస్కర్ పోల్. పోల్ లేకపోతే జిబ్ పెద్ద తెరచాప మెయిన్ చాటున పడి ఉతికి ఆరేసిన గుడ్డలా వేలాడుతుంది.

సాధారణంగా గాలి వచ్చే వైపున్న పై గుర్తును ఎడమవైపు ఉంచుకుని తిరుగుతారు. స్టార్‌బోర్డ్ టాక్ మీద, అంటే గాలి కుడివైపు నుంచి తగిలేలా వస్తారు కాబట్టి బూమ్ (మెయిన్ అడుగు కర్ర) ఎడమకు పోతుంది, పోల్ కుడికి వేయాల్సి వస్తుంది. కానీ ప్రతిసారీ అంతే అనుకోకు. గుర్తుకు ఇంకా ఇరవై పడవల దూరం ఉండగానే పడవ నడిపే మీ హెల్మ్‌ను అడుగు: తిరిగాక ఇలాగే పోదామా, జైబ్ చేసి బూమ్‌ను అవతలి పక్కకు మారుద్దామా? కింది గుర్తు ఎటుంది, నీళ్ల మీద నల్లటి గాలిమచ్చలు ఎటునుంచి వస్తున్నాయి, ముందున్న పడవలు ఎవరి గాలికి అడ్డం పడుతున్నాయి, ఇవి చూసి ఇద్దరూ ఒక మాట మీదికి రావాలి. ఇంకొకటి మరిచిపోకు. పోల్ ఎటున్నా, మెయిన్ ఎటుందో దాన్నిబట్టే నీ టాక్. మెయిన్ ఎడమన ఉంటే నువ్వు స్టార్‌బోర్డ్. ఎదురుపడిన పోర్ట్ పడవే, అంటే మెయిన్ కుడిన ఉన్నదే, నీకు దారి ఇవ్వాలి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒక వానాకాలం పోటీలో నేను అడగలేదు. గుర్తు తిరిగాక నేను కుడికి పోల్ నెడుతున్నా, మా హెల్మ్ జైబ్ మొదలుపెట్టాడు. కంగారులో తెరచాప స్తంభం మాస్ట్ వైపు కొక్కెం రింగులో సరిగా పడిందో లేదో చూడలేదు. జిబ్ ఒక్క గుంజు గుంజేసరికి పోల్ ఊడి నీళ్లలో పడింది. వెనక్కి తిరిగి దాన్ని అందుకునేలోపు అందరూ వెళ్లిపోయారు. ఆ రోజు ఒడ్డుకు వచ్చాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. ఆ తర్వాత కొక్కెం పడ్డప్పుడు వచ్చే ‘టక్’ శబ్దం వినకుండా పోల్ మీంచి చెయ్యి ఎప్పుడూ తీయలేదు. నువ్వూ తీయకు.

పెట్టేటప్పుడు మొదట జిబ్ చివర, తర్వాత మాస్ట్. తీసేటప్పుడు మొదట మాస్ట్, తర్వాత జిబ్. పోల్‌ను ముందుకూ బయటికీ ఒకే ఊపులో నెట్టు. ఆ కాసేపు హెల్మ్ పడవను నిలకడగా గాలివాటున ఉంచాలి, షీట్ (తెరచాపను లాగే తాడు) కొంచెం వదలాలి. పోల్ పడ్డాక షీట్ లాగి, వచ్చే గాలికి పోల్ అడ్డంగా ఉండేలా చూడు. మరీ బిగిస్తే జిబ్ పలకలా అయిపోతుంది, దాని పొట్ట కొంచెం ఉబ్బి ఉండాలి.

మీ తాత కల్లంలో తూర్పార పట్టేటప్పుడు నీకు ఊహ తెలీదు. చేట ఎత్తి పట్టుకుని గాలి కోసం అలా నిలబడేవాడు. చెంప మీద గాలి తగిలితేనే గింజలు వదిలేవాడు. గాలివాటున పోయే పడవలో ఆ సుఖం లేదు. గాలితోపాటే పోతున్నావు కాబట్టి చెంపకు ఏమీ తగలదు, గాలి పడిపోయిందేమో అనిపిస్తుంది. అందుకే వెనక్కి తిరిగి చూస్తూ ఉండాలి. మాస్ట్‌ను పక్కనుంచి పట్టి ఉంచే తీగ షరౌడ్‌కు పాత క్యాసెట్ టేపు ముక్క కట్టు, అంత సన్నగా గాలి చూపేది ఇంకోటి లేదు. ఆ టేపు బూమ్ ఉన్న వైపు నుంచి ఊగడం మొదలైతే వెంటనే హెల్మ్‌కు చెప్పు. ఇంకొంచెం అటు తిరిగితే బూమ్ విసురుగా వచ్చి తలకు తగులుతుంది.

గాలి తక్కువైతే నువ్వు ముందుకు జరిగి బూమ్ వైపు కూర్చో, హెల్మ్ అవతలి వైపు. పడవ అడుగున దిగే పలక సెంటర్‌బోర్డ్ చాలావరకు లేపు, మొత్తం లేపకు, పడవ ఊగిపోతుంది. గాలి ముదిరితే ఇద్దరూ వెనక్కి. బూమ్ పైకి లేవకుండా పట్టే కిక్కర్ బిగించి ఉంచు.

కింది గుర్తు దగ్గర అత్యాశ వద్దు. మూడు పడవల పొడవు దూరంలో, అంటే పన్నెండు మీటర్లలో, జోన్ (గుర్తు చుట్టూ ప్రత్యేక నియమాలుండే చోటు) మొదలవుతుంది. అది మొదలయ్యేసరికి పోల్ పడవలో ఉండాలి. చివరి రెండు మీటర్ల లాభం కోసం ఉంచుకుని, తిరిగేటప్పుడు షీట్లు చిక్కుపడి పది మీటర్లు పోగొట్టుకున్న వాళ్లను చాలామందిని చూశాను.

వచ్చే ఆదివారం హనుమకొండ వస్తున్నావు కదా, పోల్ వెంట తెచ్చుకో. మన వేపచెట్టుకు మాస్ట్ ఎత్తులో రింగు బిగించి, జిబ్ బదులు తాడు కట్టి పెడతాను. మొదట కళ్లు తెరిచి, తర్వాత కళ్లు మూసుకుని ఎడమకు ఇరవై సార్లు, కుడికి ఇరవై సార్లు వేద్దువు. సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీదికి పోదాం. నీళ్ల మీద గాలి ఎటునుంచి వస్తోందో నువ్వు చెప్పాలి, నేను వింటాను. పెద్దమ్మ నీకోసం సకినాలు చేసి పెడతానంటోంది.

మీ పెద్దబాపు