శ్రావణం రెండుసార్లు ఎందుకొచ్చింది?

ప్రశ్న: 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చి, వరలక్ష్మీ వ్రతం ఎప్పుడు చేయాలో అని ఇంట్లో ఒకటే టెన్షన్. అధికమాసం అసలెందుకు?

జవాబు: అమావాస్య నుంచి అమావాస్యకి సుమారు 29.5 రోజులు. అలాంటివి 12 కలిపితే 354 రోజులే, భూమి సూర్యుణ్ని చుట్టి రావడానికేమో 365కి పైనే, అంటే ఏటా 11 రోజులు తక్కువ పడతాయి. అలాగే వదిలేస్తే ఉగాది మెల్లగా చలికాలంలోకి, తర్వాత వానాకాలంలోకి జారిపోతుంది. వేపపువ్వు దొరకని ఉగాది ఊహించండి! హిజ్రీ క్యాలెండర్ పూర్తిగా చంద్రుడిదే కాబట్టి రంజాన్ అలా ఒక్కో కాలంలోకి జరుగుతూనే ఉంటుంది. మన పంచాంగంలో మాత్రం రెండు అమావాస్యల మధ్య సూర్యుడు రాశి మారకపోతే అది అధికమాసం, అంటే అదనపు నెల, దాంతోనే ఆ లోటు పూడుతుంది. ఆ ఏటి క్యాలెండర్ తీసి చూడండి, జులై 17న అమావాస్య, ఆగస్టు 16న మళ్లీ అమావాస్య, సూర్యుడు సింహంలోకి వెళ్లింది ఆగస్టు 17న. ఒక్క రోజు తేడా! వ్రతం నిజ శ్రావణంలోనే, అంటే రెండోసారి వచ్చినదాంట్లోనే అండి.