ఆ 0.2 చూసి బెంగ పడకండి

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. పోయిన జూన్‌లో 113 సెం.మీ. ఉన్నాడు, ఈ జూన్‌లో 117. నా ఎత్తు 155, మావారిది 168. పొద్దున్నే పరగడుపున రక్తపరీక్ష చేయిస్తే గ్రోత్ హార్మోన్ 0.2 అని వచ్చింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టాలా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ 0.2తో ఏదీ తేలదు. గ్రోత్ హార్మోన్ రోజంతా ఒకే తీరున ఊరదు. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ దాన్ని రెండు హార్మోన్లతో అదుపు చేస్తుంది. జి.హెచ్.ఆర్.హెచ్. అనేది గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయమని, దాన్ని తయారుచేసే పిట్యూటరీ గ్రంథిని ఉసిగొల్పుతుంది, సొమాటోస్టాటిన్ ఆపుతుంది. ఈ వంతులాట వల్ల హార్మోన్ విడతలుగా వస్తుంది. పెద్ద విడత రాత్రి గాఢనిద్ర పట్టాకే. విడతల మధ్య, చక్కగా ఎదిగే పిల్లల్లో కూడా అది దాదాపు సున్నాకు పడిపోతుంది. ఈ పరీక్ష అసలు రాయకుండా ఉండాల్సింది.

మీ ఉత్తరంలో పట్టించుకోవాల్సిన అంకె వేరే ఉంది: ఏడాదికి 4 సెం.మీ. ఈ వయసులో 5 అయినా పెరగాలి. మీ ఇద్దరి ఎత్తులు కూడి, అబ్బాయి కాబట్టి 13 కలిపి, సగం చేస్తే పెద్దయ్యాక బాబు ఎత్తు సుమారు 168 సెం.మీ. ఉండాలని వస్తుంది. కాబట్టి వంశపు పోలికలే అని సరిపెట్టుకోలేం. ముందు మళ్లీ కొలిపించండి, చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి. ఒక్క సెంటీమీటరు తేడా వచ్చినా లెక్క మారిపోతుంది.

తర్వాత థైరాయిడ్, రక్తహీనత, గోధుమ పడకపోవడాన్ని పట్టే సీలియాక్ పరీక్ష, ఎముక వయసు (ఎముకలు ఎంతవరకు ఎదిగాయన్నది) కోసం ఎడమ చేతి ఎక్స్‌రే. థైరాయిడ్ లోపముంటే ముందు దాన్ని సరిచేయాలి, లేకుంటే గ్రోత్ హార్మోన్ కూడా తక్కువగా కనిపిస్తుంది. గ్రోత్ హార్మోన్ ప్రేరణతో ముఖ్యంగా కాలేయం తయారుచేసే ఐ.జి.ఎఫ్.-1 అనే హార్మోన్ రోజంతా నిలకడగా ఉంటుంది గనుక దాన్ని కొలవచ్చు. అయితే సరిగా తినని పిల్లల్లోనూ అది తగ్గుతుంది.

అనుమానం మిగిలితే పిట్యూటరీని మందుతో కదిపి చూస్తారు. పరగడుపున క్లోనిడిన్ మాత్ర ఇచ్చి, రెండు గంటలపాటు అరగంటకోసారి రక్తం తీస్తారు. బీపీ పడిపోయి పిల్లాడు మగతగా ఉంటాడు. పడుకోబెట్టాలి, తినిపించి బీపీ చూశాకే ఇంటికి పంపాలి. రెండు వేర్వేరు మందులతో చేసినా గ్రోత్ హార్మోన్ మిల్లీలీటరు రక్తానికి 10 నానోగ్రాములు (కొన్నిచోట్ల 7) దాటకపోతేనే లోపమంటారు. అప్పుడు పిట్యూటరీకి ఎం.ఆర్.ఐ. తీయించి, ఆ తర్వాతే ఇంజెక్షన్ మాట. సాధారణంగా కిలో బరువుకు 25 నుంచి 35 మైక్రోగ్రాములు, రోజూ పడుకునే ముందు చర్మం కింద. ఎత్తు పెంచుతామనే పొడులకు డబ్బు తగలేయకండి.

తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం లాంటివి ఉంటే మాత్రం ఈ వరుస కోసం ఆగకుండా వెంటనే పిల్లల హార్మోన్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.