వెండి పళ్లెం మీది వంశలాంఛనాన్ని చెరిపించవచ్చా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో స్థిరపడ్డాం. అంచు వంపులు తిరిగి, మూడు చిన్న కాళ్ల మీద నిలిచే పాత వెండి పళ్లెం ఒకటి ఈమధ్య వేలంలో కొన్నాం. దాని నడుమ డాలు ఆకారంలో ఒక లాంఛనం చెక్కి ఉంది. డాలు నిలువునా రెండుగా చీలి, ఎడమ సగంలో సింహం, కుడి సగంలో మూడు పక్షులు కనిపిస్తున్నాయి. అది ఎవరిదో ఎలా తెలుస్తుంది? మా అమ్మాయి పెళ్లిలో తాంబూలానికి వాడాలని ఉంది. ఆ చెక్కడాన్ని అరగదీయించి మా ఇంటిపేరు వేయించుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. దయచేసి చెరిపించకండి. చెక్కిన గీత పోవాలంటే దాని లోతు మేరకు చుట్టూ ఉన్న వెండినంతా అరగదీయాలి, దాంతో పళ్లెం నడుమ పలచబడి, బొటనవేలితో నొక్కితే లోపలికి దిగేంత బలహీనమవుతుంది. అలా చెరిపిన పాత్రలకు వేలంలో ధర కూడా గణనీయంగా తగ్గుతుంది.

మీ పళ్లెంలోని డాలు రెండుగా చీలి ఉండటం ఒక పెళ్లికి గుర్తు. ఆంగ్ల సంప్రదాయంలో, చూసేవారికి ఎడమవైపున భర్త వంశలాంఛనాన్ని, కుడివైపున భార్య పుట్టింటి లాంఛనాన్ని చెక్కుతారు. సింహం వందలాది కుటుంబాల డాళ్ల మీద ఉంటుంది కనుక దాన్నిబట్టి ఏమీ తేలదు. భూతద్దంతో సింహం వెనుక ఉన్న గీతలను చూడండి: నిలువు గీతలైతే ఆ భాగం ఎరుపు, అడ్డగీతలైతే నీలం, చుక్కలైతే బంగారు రంగు, ఏమీ లేకపోతే వెండి రంగు అని అర్థం. రంగులు వేయలేని లోహం మీద రంగులను చెప్పే ఈ పద్ధతి పదిహేడో శతాబ్దంలో యూరప్ అంతటా స్థిరపడింది. రంగు, బొమ్మ రెండూ తెలిశాక, లాంఛనాలను పేర్ల వరుసలో కాక బొమ్మల వరుసలో కూర్చిన పాప్‌వర్త్ నిఘంటువులో వెతకాలి. భర్త వంశం కొన్ని పేర్లకు కుదించుకుపోతే, వారిలో మూడు పక్షుల లాంఛనం ఉన్న ఇంటి అమ్మాయిని పెళ్లాడినవారు ఎవరో చూడటమే మిగులుతుంది. చాలాసార్లు అది ఒకే ఒక్క దంపతుల దగ్గర ఆగుతుంది. అయితే ఇంటిపేరు చెబితే చాలు లాంఛనం అమ్మిపెట్టే దుకాణాలను నమ్మకండి. లాంఛనం ఒక వ్యక్తికీ అతని సంతతికీ చెందుతుందే తప్ప, ఆ ఇంటిపేరు ఉన్న వారందరికీ కాదు. 1484లో ఏర్పడిన లండన్‌లోని కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ ఇప్పటికీ ఈ హక్కులను నమోదు చేస్తోంది.

ఆ చెక్కడం పళ్లెంతో పుట్టిందా, తరువాత చేరిందా అన్నది కూడా చూడాలి. అడుగున ఉన్న హాల్‌మార్కుల్లో నడిచే సింహం వెయ్యింట 925 పాళ్ల వెండికి గుర్తు, చిరుతపులి తల లండన్‌కు గుర్తు, విడిగా ఉన్న ఒక అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది. రాజు లేదా రాణి తల కూడా ఉంటే అది 1784, 1890 మధ్య సుంకం కట్టిన సరుకు. మీరు చెప్పిన వంపుల అంచు 1730ల నుంచి 1750ల వరకు బాగా నడిచింది. ఆ కాలపు డాలు చుట్టూ గవ్వలు, లతలు ఒక పక్కకు ఒరిగినట్టు ఉంటాయి. సంవత్సరాక్షరం ఆ కాలానిదై, డాలు చుట్టూ మాత్రం విక్టోరియా కాలపు అలంకారం ఉంటే, పాత లాంఛనాన్ని ఎవరో అప్పుడే చెరిపి ఉంటారని అనుమానించవచ్చు. అద్దం మీద ఊదినట్టు నడుమ ఊదితే, చెరిపిన చోట ఆవిరి వేరుగా పట్టి కొన్నిసార్లు పాత హద్దు బయటపడుతుంది.

అడుగున సూదితో గీసినట్టు అంకెలు ఉంటే అవి తొలినాటి బరువు. ‘24’, దాని పక్కన ‘10’ ఉంటే 24 ట్రాయ్ ఔన్సుల 10 పెన్నీవెయిట్లు, అంటే సుమారు 762 గ్రాములు. ఇప్పటి తూకం దానికంటే బాగా తక్కువగా ఉంటే, మెరుగు పెట్టడంలో పోయిందో, చెరపడంలో పోయిందో ఆలోచించవలసిందే.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వాల్పోల్ పళ్లెం ఉంది, వీలైతే వెళ్లి చూడండి. మొదటి జార్జ్ రాజు కాలపు ఖజానా ముద్ర ఆయన మరణానంతరం అప్పటి ఆర్థికమంత్రి రాబర్ట్ వాల్పోల్‌కు దక్కగా, ఆ ముద్రలోని వెండితో 1728-29లో పాల్ డి లామెరీ అనే వెండి పనివాడు ఆ పళ్లెం చేశాడు. దాని మీది చెక్కడం చిత్రకారుడు విలియం హోగార్త్ చేతిదని భావిస్తారు. చెక్కడాన్ని తీసేస్తే అక్కడ మిగిలేది తూకానికి అమ్మే వెండి మాత్రమే. మన స్టీలు సామాన్ల మీద అమ్మమ్మల పేర్లు కొట్టించి ఉన్నట్టే, మీ పళ్లెం మీద కూడా ఒక ఇంటి గుర్తు ఉంది. మీ పేరు కూడా ఉండాలనుకుంటే, అడుగున హాల్‌మార్కులకూ బరువు అంకెలకూ దూరంగా, చిన్న అక్షరాల్లో వేయించుకోండి. తాంబూలానికి నిస్సందేహంగా వాడవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి లండన్ నుంచి పాత వెండి ఫోర్కులు తెచ్చాడు. వాటి మీది గుర్తు వెనుకవైపున ఉంది. నకిలీవా? వీటిని విభూతితో తోమవచ్చా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: గుర్తు వెనుక ఉన్నంత మాత్రాన నకిలీవి కావు, అవి పాతవని సూచించే మంచి లక్షణమే అది. పద్దెనిమిదో శతాబ్దం మొదటి సగంలో ఇంగ్లండ్‌లో, ఫ్రెంచివారి అలవాటు ప్రకారం, ఫోర్కులను ముళ్లు కిందికి ఉండేలా బల్ల మీద బోర్లించి పెట్టేవారు. అతిథికి కనిపించేది వెనుకభాగమే కనుక గుర్తు అక్కడ చెక్కేవారు. శతాబ్దం రెండో సగంలో ఆ అలవాటు మారడంతో గుర్తు కూడా ముందుకు వచ్చింది. పూర్తి లాంఛనం పట్టే చోటు లేదు కనుక, డాలు పైన ఉండే చిన్న క్రెస్టును మాత్రమే వీటి మీద చెక్కుతారు.

విభూతి, టూత్‌పేస్టు, చింతపండు ఏవీ వద్దు. పొడి రాపిడికి ముందుగా పోయేవి పక్షి ఈకలూ సింహం జూలూ వంటి సన్నని గీతలే. గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బుతో కడిగి, వెంటనే మెత్తని గుడ్డతో తుడవండి. గుడ్డు సొన తగిలితే వెండి నల్లబడుతుంది, ఉప్పు నిలిస్తే గుంటలు పడతాయి కనుక తిన్న వెంటనే కడగాలి. గీతల లోపల మిగిలిన నలుపును మాత్రం తీయకండి, బొమ్మ స్పష్టంగా కనిపించేది దానివల్లనే. దాచేటప్పుడు రబ్బరు బ్యాండుతో కట్టవద్దు. రబ్బరులోని గంధకం వెండి మీద నల్లని చార వేస్తుంది, అది పోవాలంటే మళ్లీ రుద్దక తప్పదు.