వ్యాపారం కావాలంటే హక్కుల మాట ఎత్తకూడదా? సౌదీలోని జుబైల్ నుంచి తిరిగొచ్చినవాడిగా నా జవాబు

మీరు అడిగింది ఇది: "ఒక దేశంతో మనకి పెద్ద వ్యాపారం ఉంది. అక్కడ మనుషుల్ని సరిగ్గా చూడరని తెలుసు. అలాంటప్పుడు మన ప్రభుత్వం హక్కుల గురించి గట్టిగా అడగాలా, వ్యాపారం పోతుందని ఊరుకోవాలా?" సివిల్స్‌కి చదువుతున్నానని కూడా రాశారు. నేను దౌత్యం చదివినవాణ్ణి కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేట దగ్గర పుట్టాను. ఆరేళ్లు సౌదీలో పైప్ ఫిట్టర్‌గా చేసి 2017లో తిరిగొచ్చాను. ఇప్పుడు నెట్ సెంటర్ పెట్టుకుని, గల్ఫ్ వెళ్లే కుర్రాళ్లకి కాగితాలు నింపి పెడుతుంటాను. మా వైపు ప్రతి ఊళ్లో వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు బయటి దేశాల్లో ఉంటారు కాబట్టి ఈ ప్రశ్న నాకు పుస్తకం ప్రశ్న కాదు.

నా జవాబు ముందే చెప్తాను. అడగాలి. కానీ గొడవ వచ్చాక కాదు, బేరం కుదిరేటప్పుడే అడగాలి. అడిగినదాన్ని రాయించుకోవాలి.

జుబైల్‌లో మా కంపెనీ ఆయిల్ ప్లాంట్లకి సబ్ కాంట్రాక్టు పనులు చేసేది. 2014 చివర్లో చమురు ధర పడిపోయింది. కొన్నాళ్లకి ఆ దెబ్బ మా దాకా వచ్చింది. 2016లో ముందు జీతం ఒక నెల ఆలస్యమైంది, తర్వాత రెండు నెలలు, ఆఖరికి ఏడు నెలలు ఆగిపోయింది. అఖామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే గుర్తింపు కార్డు, రెన్యువల్ చెయ్యలేదు. అఖామా గడువు దాటితే ఆసుపత్రికి వెళ్లడానికి లేదు, రోడ్డు మీద పోలీసు ఆపితే తప్పు మనదే అవుతుంది. పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసు బీరువాలో ఉంది. వేరే కంపెనీకి మారదామంటే కఫీల్, అంటే మనల్ని వీసా మీద తెచ్చుకున్న యజమాని, సంతకం పెట్టాల్సి వచ్చేది. క్యాంపు వదిలి బయట పని చూసుకుంటే హురూబ్ పెడతారు, అంటే మనం పారిపోయామని కంప్లయింట్. జీతం ఎగ్గొట్టింది వాళ్లు, నేరస్తులం మేము. ఇంటి దగ్గర చెల్లి పెళ్లికి తెచ్చిన అప్పు మూడు రూపాయల వడ్డీ మీద పెరుగుతోంది. అమ్మ శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసి ఒకటే అడిగేది, "ఏట్రా నాయనా, ఈ నెలైనా పడిందా?" అని. కొన్నాళ్లకి ఆవిడ అడగడం మానేసింది. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

అదే ఏడాది జెడ్డా వైపు వేల మంది మనవాళ్లు తిండికి కూడా లేక క్యాంపుల్లో చిక్కుకుపోయారు. అప్పుడు విదేశాంగ మంత్రిగా ఉన్న సుష్మా స్వరాజ్ గారు వెంటనే స్పందించారు, కాన్సులేట్ వాళ్లు బియ్యం, పప్పు పంచారు, సహాయ మంత్రి వి.కె.సింగ్ గారు స్వయంగా వచ్చారు. ఆ మేలు మర్చిపోను. మా క్యాంపుకి కూడా ఒక మలయాళీ వాలంటీర్ వచ్చాడు. మన దేశం వీళ్ల దగ్గర ఇంత చమురు కొంటుంది కదా, జీతాలు ఇప్పించమని గట్టిగా అడగలేరా అన్నాను. అది ఇక్కడి లేబర్ కోర్టులో తేలాలి, ఎంబసీ అర్జీ రాసి పంపగలదు, అంతకుమించి చేతిలో ఏమీ లేదన్నాడు. 2017 మార్చి 29 నుంచి సౌదీ 90 రోజుల క్షమాభిక్ష ఇచ్చింది. కాగితాల గడువు దాటినవాళ్లు జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చన్నారు. పాస్‌పోర్టు చేతికి రాక, ఎంబసీ ఇచ్చిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద ఇంటికొచ్చాను. బాకీ జీతానికి క్లెయిమ్ ఫారం నింపి ఇచ్చి వచ్చాను. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు.

తిరిగొచ్చాక నన్ను బాగా ఆలోచింపజేసింది ఫిలిప్పీన్స్. మా క్యాంపులో పక్క గదుల్లో వాళ్లే ఉండేవాళ్లు. ఆ దేశం మనకంటే చాలా చిన్నది, బయటి నుంచి వచ్చే డబ్బు మీద మనకన్నా ఎక్కువగా ఆధారపడింది. అయినా 2018 ఫిబ్రవరిలో, కువైట్‌లో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం ఫ్రీజర్‌లో దొరికినప్పుడు, ఆ దేశం తన మనుషుల్ని కువైట్‌కి పంపడం ఆపేసింది. మే నెలలో కువైట్ ఒప్పందం మీద సంతకం పెట్టింది. పాస్‌పోర్టు యజమాని లాక్కోకూడదని, ఫోన్ మనిషి దగ్గరే ఉండాలని అందులో రాసుకున్నారు. తర్వాత సౌదీలో కంపెనీలు జీతాలు ఎగ్గొట్టిన గొడవ మీద 2021 చివర్లో అక్కడికీ పంపడం ఆపారు. ఏడాది తర్వాత, 2022 నవంబరులో మళ్లీ తెరిచారు. ఆ నెలలోనే, దివాలా తీసిన కంపెనీల్లో పనిచేసిన సుమారు పది వేల మంది ఫిలిప్పీన్స్ కార్మికుల బాకీలు తామే కడతామని సౌదీ యువరాజు మాటిచ్చారు. నాలాంటి కేసులే అవి.

ఇందులో నష్టం లేదని చెప్పను. ఆ ఏడాదంతా వెళ్లాల్సినవాళ్లు ఇళ్లలో కూర్చున్నారు, అప్పులు చేశారు. దౌత్యంలో గట్టిగా నిలబడటం అంటే దాని ఖర్చు ఎవరో పేదవాడు ముందుగా భరించడమే. ఆ కుటుంబాలకి ప్రభుత్వం ఆ కాలానికి ఆసరా ఇవ్వకుండా బ్యాన్ పెడితే, వాళ్లు దొంగదారిన విజిట్ వీసా మీద వెళ్తారు. అది ఇంకా ప్రమాదం. నా సెంటర్‌కి వచ్చే కుర్రాళ్లని చూసి చెప్తున్నాను ఈ మాట.

మన దేశం అసలు ప్రయత్నించలేదనీ కాదు. ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్ల కోసం కువైట్ యజమానులు 720 దినార్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలని అడిగాం. కువైట్ ఒప్పుకోలేదు, మనవాళ్లకి ఆ వీసాలే ఆపేసింది. 2017లో మనమే ఆ షరతు తీసేశాం. ఎందుకు నిలబడలేకపోయాం? మనం కాదంటే నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక నుంచి తెచ్చుకుంటారు కాబట్టి. మనుషుల్ని పంపే దేశాలు ఒకదానికొకటి పోటీపడుతున్నంత కాలం తీసుకునే దేశానిదే పైచేయి. ఈ దేశాలన్నీ కలిసి ఒకే షరతు పెట్టడం అసలైన దౌత్యం అని నా అభిప్రాయం.

ఖతార్ సంగతి మీరు తప్పకుండా చదివే ఉంటారు. మన నౌకాదళంలో పనిచేసిన ఎనిమిది మందికి 2023 అక్టోబరులో అక్కడ మరణశిక్ష పడింది. మన ప్రభుత్వం బహిరంగంగా కేకలు వెయ్యకుండా మాట్లాడింది. 2024 ఫిబ్రవరిలో విడుదలయ్యారు, వాళ్లలో ఏడుగురు 12వ తేదీకి ఇంటికి చేరారు. అంతకు కొన్ని రోజుల ముందే ఖతార్ గ్యాస్ ఒప్పందం పొడిగించుకున్నాం, 2028 నుంచి ఇరవై ఏళ్లు ఏటా 75 లక్షల టన్నులు. దానివల్లే ఇది జరిగిందని నేను అనడం లేదు. రెండూ ఒకేసారి నడిచాయి, వ్యాపారం హక్కుల మాటకి అడ్డం పడలేదు. ఆ రోజు టీవీలో వాళ్లని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. కానీ ఎనిమిది మంది కోసం ఢిల్లీ మొత్తం కదలగలదు. గల్ఫ్‌లో ఉన్న లక్షల మందికి ఒక్కొక్కరి కోసం అలా కదలలేదు. దయ చూపించమని అడిగి విడిపించుకోవడం వేరు, హక్కుగా రాయించుకోవడం వేరు.

రాయించుకున్నది ఎంత గట్టిగా నిలుస్తుందో మా జిల్లా మత్స్యకారుల కథలో ఉంది. 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి బోట్ల మీద వెళ్లినవాళ్లని పాకిస్తాన్ పట్టుకుంది. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం లాంటి ఊళ్ల వాళ్లు, విజయనగరం జిల్లా వాళ్లు కూడా అందులో ఉన్నారు. ఇక్కడ వేట సాగక అంత దూరం కూలికి వెళ్లిన మనుషులు. మూడు నెలలు తిరక్కముందే పుల్వామా దాడి జరిగింది. పాకిస్తాన్ సరుకు మీద మనం 200 శాతం సుంకం వేశాం, ఆగస్టులో వాళ్లు వ్యాపారమే ఆపేశారు. మాటల్లేవు, వ్యాపారం లేదు. కానీ 2008లో రెండు దేశాలూ రాసుకున్న ఖైదీల ఒప్పందం మాత్రం అలాగే ఉంది. ఏటా జనవరి 1న, జులై 1న జైళ్లలో ఉన్న ఒకరి మనుషుల జాబితా ఒకరికి ఇచ్చుకోవాలి. పట్టుకున్న మూడు నెలల్లో ఎంబసీ వాళ్లని కలవనివ్వాలి. గడువులు చాలాసార్లు తప్పుతారు, అది నిజం. అయినా జాబితాలు ఆగలేదు. 2025లో పహల్గాం దాడి తర్వాత అంత గొడవ జరిగాక కూడా జులై 1న ఇచ్చుకున్నారు. మనవాళ్లు 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు. పదమూడు నెలలకి పైగా ఆ ఇళ్లలో ఆడవాళ్లు పడిన టెన్షన్ మాటల్లో చెప్పలేను. జాబితాలో పేరు ఉంది అంటే మనిషి బతికే ఉన్నాడు అని వాళ్లకి అర్థం.

అసలు వ్యాపారం తెంచుకోవడం ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. 1946లో, మనకి ఇంకా స్వాతంత్ర్యం రాకముందే, దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద వివక్ష చట్టాలు చేసినందుకు ఆ దేశంతో వ్యాపారం తెంచుకున్నాం. అది మన చరిత్రలో గర్వపడాల్సిన పని.

ఇంకో వైపు కూడా చూడండి. 2024లో అమెరికా కార్మిక శాఖ బలవంతపు శ్రమతో తయారయ్యే సరుకుల జాబితాలో భారతదేశపు రొయ్యల్ని చేర్చింది. మన రాష్ట్రం నుంచే ఎక్కువ వెళ్తాయి. మా వైపు చాలామంది, ఇది మన వ్యాపారం మీద కుట్ర అన్నారు. నాకు అలా అనాలనిపించలేదు. మా మేనకోడలు రొయ్యల పొట్టు వలిచే ఒక పీలింగ్ షెడ్డులో రెండేళ్లు చేసింది. ఐసు నీళ్లలో చేతులు పాసిపోయి, వేళ్ల చర్మం ఊడిపోయి వచ్చేది. ఓవర్‌టైమ్ లెక్క ఎప్పుడూ తేలేది కాదు. సౌదీలో నాకు జరిగింది తప్పయితే ఇదీ తప్పే. కానీ ఆ మరుసటి ఏడాదే అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినప్పుడు, అందులో షెడ్డులో అమ్మాయి చేతుల ఊసే లేదు. రొయ్య ధర పడింది, రైతు, ఆ అమ్మాయి ఇద్దరూ నష్టపోయారు. ఏ దేశమైనా హక్కుల పేరు ఎత్తినప్పుడు నేను చూసేది ఒక్కటే, చివర్లో ఆ కార్మికుడి చేతికి ఏమైనా అందుతుందా అని.

నాకు రావాల్సింది పదకొండు వేల రియాళ్ల పైనే. క్లెయిమ్ ఫారం జెరాక్స్ నా దగ్గరే ఉంది. మీరు రేపు ఆ ఉద్యోగంలో చేరి, ఏదో ఒక దేశంతో ఒప్పందం ముసాయిదా మీ బల్ల మీదకి వస్తే, కంపెనీ మూతపడితే జీతం బాకీ ఎవరు కట్టాలో అందులో రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే సంతకానికి ముందే అడగండి.